తెర మీది ‘మూడు మీటర్లు’ ఎలా పుడుతుంది: ఉపగ్రహాల అమరికను, దూరపు దోషాలను చూసుకొని స్థానం కొలిచే పద్ధతి

నల్లగొండ చుట్టుపక్కల ఏ బత్తాయి తోట గట్టు మీద నిలబడి ఫోన్‌లోనో చేతి రిసీవర్‌లోనో స్థానం చూసినా తెర మీద రెండు అంకెలు కనిపిస్తాయి. ఎన్ని ఉపగ్రహాలు అందుతున్నాయన్నది ఒకటి, కచ్చితత్వం ఎన్ని మీటర్లన్నది రెండోది. ఇరవై ఉపగ్రహాలు, మూడు మీటర్లు అని చూడగానే మనసు కుదుటపడుతుంది. అయితే అదే హద్దురాయిని పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి కొలిచి రెండు బిందువులనూ నక్షా మీద వేస్తే, వాటి నడుమ ఐదారు మీటర్ల ఎడం రావడం అరుదేమీ కాదు. ఆండ్రాయిడ్ ఫోన్ చూపే ఆ మీటర్ల అంకెకు అర్థం, నిజమైన స్థానం ఆ వలయంలో ఉండే అవకాశం 68 శాతం అని మాత్రమే. అంటే ఫోన్ అంచనా సరైనదైనా మూడింట ఒకసారి నిజం ఆ వలయానికి బయటే ఉంటుంది.

ఆ అంకె రెండు వేర్వేరు సంగతులను గుణిస్తే వచ్చేది. ఒక్కో ఉపగ్రహం నుంచి కొలిచిన దూరంలో ఎంత దోషం ఉందన్నది మొదటిది. ఆ ఉపగ్రహాలు ఆకాశంలో ఏ అమరికలో ఉన్నాయి, ఆ దోషాన్ని ఆ అమరిక ఎన్ని రెట్లు పెంచుతుంది అన్నది రెండోది. ఈ రెంటినీ విడివిడిగా చూడడం అలవాటు చేసుకోవాలని నేను పట్టుబట్టి చెబుతాను, ఎందుకంటే వీటి మందులు వేరు. అమరిక బాగాలేకపోతే చోటో సమయమో మార్చాలి. దూరపు దోషం ఎక్కువగా ఉంటే యాంటెన్నా చుట్టూ ఉన్నదాన్ని చూడాలి, సవరణలు తెచ్చుకోవాలి. ఒకదాని జబ్బుకు ఇంకొకదాని మందు వేసి, గంటసేపు ఎండలో నిలబడి, చివరికి అదే తప్పును మరింత నమ్మకంతో రాసుకొని వచ్చేవాళ్లను చాలామందిని చూశాను.

దూరం ఎలా తెలుస్తుంది

జీపీఎస్ ఉపగ్రహం భూమికి దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ, తాను ఎక్కడ ఉన్నదీ, సంకేతం ఏ క్షణాన బయలుదేరిందీ చెబుతూ ఉంటుంది. నడినెత్తిన ఉన్న ఉపగ్రహం నుంచి ఆ సంకేతం మన చేతికి చేరడానికి సుమారు 67 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ వ్యవధిని కాంతి వేగంతో, అంటే సెకనుకు 29,97,92,458 మీటర్లతో గుణిస్తే దూరం వస్తుంది. కాబట్టి గడియారంలో ఒక్క నానోసెకను తేడా వస్తే దూరంలో 30 సెంటీమీటర్లు, ఒక్క మైక్రోసెకను తేడా వస్తే 300 మీటర్లు తప్పుతాయి. ఉపగ్రహంలో అణు గడియారం ఉంటుంది కానీ మన ఫోన్‌లో ఉన్నది మామూలు క్వార్ట్జ్ గడియారం. అందువల్ల తూర్పు పడమరలు, ఉత్తర దక్షిణాలు, ఎత్తు అనే మూడు తెలియని విలువలతో పాటు మన గడియారపు తప్పు కూడా నాలుగో తెలియని విలువగా లెక్కలోకి వస్తుంది. కనీసం నాలుగు ఉపగ్రహాలు కావాలనడానికి కారణం ఇదే. గడియారపు తప్పు కలిసి ఉన్న ఈ కొలతను దూరం అనడం కంటే మిథ్యా దూరం అనడమే సరైనది. ఈ నాలుగో విలువను గుర్తుపెట్టుకోండి, ఎత్తు ఎందుకు ఎప్పుడూ ఎక్కువ తప్పుతుందో దీనితోనే తేలుతుంది.

అమరిక: గొలుసు సర్వేలో తెలిసిన నియమమే

గొలుసు సర్వే నేర్చుకున్నవారికి ఒక నియమం గుర్తుండే ఉంటుంది: త్రిభుజంలో ఏ కోణమూ 30 డిగ్రీలకు తగ్గకూడదు, 120 డిగ్రీలకు మించకూడదు. కోణం మరీ సన్నబడితే రెండు గీతలు ఎక్కడ ఖండించుకుంటున్నాయో తేల్చడం కష్టమవుతుంది, కొలతలోని చిన్న తప్పు శీర్షం దగ్గర పెద్ద తప్పుగా మారుతుంది. ఉపగ్రహాల అమరిక విషయంలోనూ జరిగేది అదే.

నల్లగొండ పట్టణం లతీఫ్ సాహెబ్ గుట్టకు, కాపురాల గుట్టకు నడుమ ఉంది. ఆ రెండు గుట్టల కొనల నుంచి మీ దూరం ఒక్కొక్కటి ఒక మీటరు దోషంతో మీకు తెలుసనుకోండి. రెండు గుట్టలూ మీకు లంబకోణంలో కనిపించే చోట నిలబడితే మీ స్థానంలోని దోషం దాదాపు 1.4 మీటర్లు. అవి 30 డిగ్రీల ఎడంతో కనిపించే చోటికి జరిగితే అది 2.8 మీటర్లవుతుంది. ఊరికి చాలా దూరం వెళ్లి వెనక్కి తిరిగి చూస్తే రెండు గుట్టలూ దగ్గరదగ్గరగా, 10 డిగ్రీల ఎడంతో కనిపిస్తాయి. అక్కడ అదే ఒక మీటరు దోషం 8 మీటర్లకు పెరుగుతుంది. రెంటినీ కలిపే గీత మీద సరిగ్గా మధ్యలో నిలబడినా మేలు లేదు, గుట్టలు ఎదురెదురు దిక్కుల్లో ఉన్నప్పుడు ఆ గీతకు అడ్డంగా మీరు ఎటు జరిగినా దూరాలు దాదాపు మారవు గనుక. ఈ నాలుగు చోట్లా టేపు ఒక్కటే, దాని తప్పూ ఒక్కటే. మారింది మీరు నిలబడ్డ చోటు నుంచి గుట్టలు కనిపించే తీరు మాత్రమే.

దోషం ఎన్ని రెట్లు పెరుగుతుందో చెప్పే ఈ అంకెకు ‘డైల్యూషన్ ఆఫ్ ప్రెసిషన్’ అని పేరు, వాడుకలో డీఓపీ అంటారు. నేల మీద అడ్డంగా వచ్చే దోషానికి హెచ్‌డీఓపీ, ఎత్తులోని దోషానికి వీడీఓపీ, ఈ రెండూ కలిసినదానికి పీడీఓపీ. మొదటి రెంటి వర్గాల మొత్తమే మూడోదాని వర్గం. దూరపు దోషం 1.5 మీటర్లు, హెచ్‌డీఓపీ 0.9 అయితే అడ్డంగా దోషం 1.35 మీటర్లు. అదే 1.5 మీటర్ల దోషంతో లోతైన కాలువలో దిగి నిలబడినప్పుడు హెచ్‌డీఓపీ 3.5 అయితే దోషం 5.25 మీటర్లవుతుంది. ఇవి 68 శాతం లాంటి అంచనాలే కాబట్టి, నూటికి 95 సార్లు నిలబడే హద్దు కావాలంటే సుమారుగా రెట్టింపు చేసుకోవాలి.

నాలుగే ఉపగ్రహాలు ఉంటే మంచి అమరిక ఏది? ఒకటి సరిగ్గా నడినెత్తిన ఉండి, మిగతా మూడూ దిగంతానికి దగ్గరగా, ఒకదానికొకటి 120 డిగ్రీల ఎడంతో ఉండడం. ఆ మూడూ 15 డిగ్రీల ఎత్తున ఉన్నాయనుకొని లెక్కకడితే హెచ్‌డీఓపీ 1.20, వీడీఓపీ 1.56 వస్తాయి. వాటిని 30 డిగ్రీలకు ఎత్తితే హెచ్‌డీఓపీ 1.33కు, వీడీఓపీ 2.31కు చేరుతాయి. 45 డిగ్రీలకు ఎత్తితే హెచ్‌డీఓపీ 1.63 మాత్రమే కాగా వీడీఓపీ ఏకంగా 3.94 అవుతుంది. ఉపగ్రహాలన్నీ నెత్తి మీదికి గుమిగూడిన కొద్దీ నేల మీది స్థానం కొంత చెడుతుంది, ఎత్తు మాత్రం బాగా చెడిపోతుంది. నడినెత్తిన ఉన్న ఉపగ్రహానికి, మీరు మూడు మీటర్లు పైకి లేవడానికీ మీ గడియారం పది నానోసెకన్లు తప్పడానికీ తేడా తెలియదు. ఆ తేడా చెప్పగలిగేవి దిగంతం దగ్గరి ఉపగ్రహాలే. అవి లేకపోతే ఎత్తు, గడియారపు తప్పు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. నేల కింద ఉపగ్రహాలు కనిపించవు కాబట్టి ఈ లోపం పూర్తిగా ఎన్నటికీ పోదు.

ఉపగ్రహాల సంఖ్య ఒక్కటే చూసి తృప్తిపడకూడదని చెప్పడానికి ఇదే ఆధారం. ఇరుకు వీధిలో నెత్తి మీద గుమిగూడిన పన్నెండు ఉపగ్రహాల కంటే, విశాలమైన చెలకలో నాలుగు దిక్కులా పరుచుకున్న ఏడు ఉపగ్రహాలు మేలు. జీపీఎస్‌టెస్ట్ లాంటి యాప్‌లో ఆకాశపటం, అంటే ఏ ఉపగ్రహం ఏ దిక్కున ఎంత ఎత్తున ఉందో చుక్కలతో చూపే బొమ్మ, తెరిచి చుక్కలు వలయమంతా పరుచుకున్నాయా, ఒక మూలకు చేరాయా అని చూడడం ముందుగా చేయవలసిన పని. నా మటుకు నేను హెచ్‌డీఓపీ 2 దాటితే హద్దు బిందువు రాసుకోను, 5 దాటితే దారి చూసుకోవడానికి తప్ప ఆ అంకెను వాడను.

మన ఆకాశంలో ఉత్తరపు ఖాళీ

ఈ ప్రాంతానికి ప్రత్యేకంగా తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. జీపీఎస్ కక్ష్యలు భూమధ్యరేఖకు 55 డిగ్రీల వాలులో ఉంటాయి కాబట్టి ఆ ఉపగ్రహాలు 55 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటి పైకి పోవు. నల్లగొండ, మహబూబ్‌నగర్‌లు దాదాపు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి అటూ ఇటూగా ఉన్నాయి. ఇక్కడి నుంచి లెక్కవేస్తే సరిగ్గా ఉత్తర దిక్కున, దిగంతం నుంచి దాదాపు 40 డిగ్రీల ఎత్తు దాకా జీపీఎస్ ఉపగ్రహం ఎప్పుడూ కనిపించదు. దిగంతం దగ్గర ఈ ఖాళీ ఉత్తరానికి ఇటు సుమారు 35 డిగ్రీలు, అటు సుమారు 35 డిగ్రీల వెడల్పున విసనకర్రలా పరుచుకొని ఉంటుంది. రష్యా గ్లోనాస్ కక్ష్యల వాలు 64.8 డిగ్రీలు కాబట్టి అవి ఉత్తరాన 30 డిగ్రీల దగ్గరి దాకా దిగి ఈ ఖాళీని కొంత పూడుస్తాయి. దక్షిణం వైపు అలాంటి ఖాళీ లేదు, అక్కడ ఉపగ్రహాలు దాదాపు దిగంతం దాకా దిగుతాయి. మన నావిక్ వ్యవస్థలోని భూస్థిర ఉపగ్రహాలు భూమధ్యరేఖ మీదివి గనుక అవి కూడా మనకు దక్షిణపు ఆకాశంలోనే ఉంటాయి.

దీన్ని పనిలో ఎలా వాడుకోవాలి? గోడకో గుట్టకో దగ్గరగా కొలవక తప్పని పరిస్థితిలో, అది మీకు ఉత్తరాన ఉండేలా, అంటే మీరు దాని దక్షిణపు పక్కన ఉండేలా చోటు ఎంచుకోండి. అప్పుడు అది కప్పేది ఎలాగూ ఖాళీగా ఉన్న ఆకాశాన్నే. అదే గోడ మీకు దక్షిణాన ఉంటే పనికొచ్చే ఉపగ్రహాలను మింగేస్తుంది. గోడ ఎంత ఎత్తు కప్పుతోందో తెలుసుకోవడానికి చేయి బారుగా చాచి పిడికిలి బిగించండి, పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు. దిగంతం నుంచి పిడికిలి మీద పిడికిలి పెడుతూ లెక్కిస్తే, ఉత్తరాన నాలుగు పిడికిళ్ల దాకా పరవాలేదు, దక్షిణాన, తూర్పున, పడమరన రెండు దాటితే నష్టం మొదలవుతుంది. మనిషి ఒళ్లు కూడా సంకేతాన్ని అడ్డుకుంటుంది కాబట్టి రిసీవర్‌ను చేతిలో పట్టుకొని కొలిచేటప్పుడు దానికి ఉత్తరాన నిలబడి, దక్షిణానికి ముఖం పెట్టి, వీలైతే తల కంటే ఎత్తున పట్టుకోవాలి.

దేవరకొండ వైపు గుట్టల అడుగున, అమ్రాబాద్ అడవిలోని లోయల్లో, సోమశిల దగ్గర కృష్ణ ఒడ్డున ఈ సూత్రం బాగా అక్కరకొస్తుంది. లోయ తూర్పు పడమరలుగా సాగితే ఉత్తరపు గట్టు వల్ల పెద్ద నష్టం లేదు, దక్షిణపు గట్టుకు దూరంగా జరిగితే చాలు. ఉత్తర దక్షిణాలుగా సాగే లోయలో అలా తప్పించుకునే దారి లేదు. అక్కడ తూర్పు పడమరల నుంచి వచ్చే దూరాలు తక్కువవుతాయి కాబట్టి బిందువు లోయకు అడ్డంగా, తూర్పు పడమరలుగా జరిగిపోతుంది. అలాంటి చోట జీపీఎస్, గ్లోనాస్, ఐరోపా గెలీలియో, చైనా బైడూ, నావిక్ అన్నిటినీ అందుకునే రిసీవర్ వాడడం, ఆకాశపటం చూస్తూ ఉపగ్రహాలు మెరుగ్గా పరుచుకునే సమయం కోసం గంటో రెండు గంటలో ఆగడం తప్ప వేరే మందు లేదు.

దూరపు దోషాలు: పైనుంచి వచ్చేవి

దూరంలో తప్పు ఎక్కడెక్కడ చేరుతుందో సంకేతం వచ్చే దారినే చూద్దాం. ఉపగ్రహం చెప్పే తన స్థానంలో, గడియారంలో ఉండే తప్పు ఈ రోజుల్లో సుమారు ఒక మీటరు లోపే. 2000 మే 2న అమెరికా తాను కావాలని కలిపే దోషాన్ని ఆపేసిన తర్వాత ఈ భాగం గురించి మామూలు వాడకందారు బెంగపడవలసినది తక్కువ.

దాని తర్వాత ఐనో ఆవరణం. సూర్యరశ్మికి విడివడిన ఎలక్ట్రాన్లు ఈ పొరలో సంకేతాన్ని ఆలస్యం చేస్తాయి. భూ అయస్కాంత మధ్యరేఖ మన దేశపు దక్షిణ కొసన తిరునల్వేలి ప్రాంతం మీదుగా పోతుంది. ఆ రేఖ మీద పైకి లేచిన ఎలక్ట్రాన్లు అటూ ఇటూ సుమారు పదిహేను వందల కిలోమీటర్ల అవతల కుప్పగా దిగుతాయి, మన వైపు కుప్ప మధ్య భారతం మీద పడుతుంది. మనం ఆ రేఖకూ కుప్పకూ నడుమ ఉన్నాం కాబట్టి మన నెత్తిన ఎలక్ట్రాన్ల సాంద్రత ఉత్తర దక్షిణాలుగా వేగంగా మారుతుంటుంది. ఒక ఫ్రీక్వెన్సీ మాత్రమే అందుకునే రిసీవర్ ఉపగ్రహం పంపే ఎనిమిది గుణకాల నమూనాతో ఈ ఆలస్యాన్ని అంచనా వేస్తుంది. ఆ నమూనా సగటున సగం దోషాన్నే తీసేయగలదు. మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో ఆలస్యం గరిష్ఠంగా ఉంటుంది. సూర్యుడు చురుకుగా ఉన్న ఏళ్లలో అది పది మీటర్లు దాటిపోగలదు. పొద్దున చూస్తే ఇందులో కొద్ది భాగమే ఉంటుంది. పత్తి చేనుకో తోటకో హద్దులు కొలవాలంటే పొద్దున పది గంటలలోపు పని ముగించండి అని చెప్పడానికి కారణం ఎండ ఒక్కటే కాదు.

సాయంత్రం ఇంకో ఇబ్బంది ఎదురవుతుంది. పొద్దుగుంకిన తర్వాత ఈ పొరలో బుడగల లాంటి ఖాళీలు ఏర్పడి, సంకేతం నక్షత్రంలా మిణుకుమిణుకుమంటుంది. మార్చి, ఏప్రిల్, సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో, రాత్రి ఏడున్నర నుంచి అర్ధరాత్రి దాకా ఇది ఎక్కువ. అప్పుడు రిసీవర్ చేతిలోంచి ఒక్కో ఉపగ్రహం జారిపోతుంది, దూరపు దోషంతో పాటు అమరిక కూడా చెడుతుంది. ఆ వేళ కొలత పెట్టుకోకపోవడమే మంచిది.

రెండు ఫ్రీక్వెన్సీలు అందుకునే రిసీవర్ ఈ చిక్కులో ఆలస్యపు భాగాన్ని దాదాపు పూర్తిగా తీసేస్తుంది, ఎందుకంటే ఐనో ఆవరణం ఒక్కో ఫ్రీక్వెన్సీని ఒక్కో మేరకు ఆలస్యం చేస్తుంది, ఆ తేడా నుంచే ఆలస్యం ఎంతో లెక్కతేలుతుంది. ఎల్1 అనే 1575.42 మెగాహెర్ట్జ్‌తో పాటు ఎల్5 అనే 1176.45 మెగాహెర్ట్జ్ సంకేతాన్నీ అందుకునే ఫోన్లు ఇప్పుడు దొరుకుతున్నాయి, కొనేటప్పుడు ఎల్5 ఉందా అని అడగండి. నావిక్ మొదటి నుంచీ వాడుతున్నది ఈ ఎల్5నే. 2023 మే 29న ప్రయోగించిన ఎన్‌వీఎస్-01తో అది ఎల్1 సంకేతాన్ని కూడా పంపడం మొదలుపెట్టింది.

ట్రోపో ఆవరణం, అంటే మనం పీల్చే గాలి ఉన్న పొర, నడినెత్తి నుంచి వచ్చే సంకేతానికి దాదాపు 2.4 మీటర్ల ఆలస్యం కలుపుతుంది. దీన్ని రిసీవర్ నమూనాతో చాలా వరకు తీసేస్తుంది కానీ, సంకేతం ఏటవాలుగా వచ్చిన కొద్దీ దారి పొడవై 15 డిగ్రీల దగ్గర 9 మీటర్లు, 5 డిగ్రీల దగ్గర దాదాపు 25 మీటర్లు అవుతుంది; అప్పుడు మిగిలిపోయే కొద్ది శాతమే పెద్దదిగా కనిపిస్తుంది.

దూరపు దోషాలు: పక్కనుంచి వచ్చేవి

అన్నిటికంటే ఎక్కువగా జాగ్రత్తపడవలసినది మల్టీపాత్, అంటే సంకేతం పక్కనున్న దేని మీదనో పడి తిరిగి రావడం. దీని మీద ఏ సవరణ కేంద్రమూ ఏ ఉపగ్రహమూ మీకు సాయం చేయలేవు, ఎందుకంటే ఇది మీరు నిలబడ్డ ఆ ఒక్క చోటికే చెందిన దోషం. జిన్నింగ్ మిల్లు రేకుల షెడ్డు, ట్రాక్టరు, ఇనుప గేటు, ఉదయసముద్రం లాంటి చెరువు నీటి పరుపు, సిమెంటు గోడ ఇవన్నీ సంకేతానికి అద్దాలే. తిరిగి వచ్చిన సంకేతం నేరుగా వచ్చినదానితో కలిసి దాని ఆకారాన్ని చెడగొడుతుంది. నేరుగా వచ్చే దారిని గోడ మూసేసి ప్రతిఫలించినది ఒక్కటే చేరితే మరీ ప్రమాదం, ఆ దూరం ప్రతిసారీ ఎక్కువే చూపుతుంది తప్ప తక్కువ చూపదు.

ఇక్కడే డీఓపీ మనల్ని మోసగిస్తుంది. డీఓపీ లెక్కకు ఉపగ్రహాల దిక్కులే తెలుసు, వాటి దూరాలు నిజమో కాదో దానికి తెలియదు. రేకుల షెడ్డు పక్కన నిలబడితే ప్రతిఫలనాలు కూడా ఉపగ్రహాల ఖాతాలోనే పడి సంఖ్య పెరుగుతుంది, డీఓపీ తగ్గుతుంది, కానీ స్థానం చెడుతుంది. కాబట్టి డీఓపీ పక్కనే ఒక్కో ఉపగ్రహం సంకేత బలం కూడా చూడాలి. బాహాటమైన చోట ఎత్తున ఉన్న ఉపగ్రహం 40 నుంచి 45 డెసిబెల్-హెర్ట్జ్ పైన ఉంటుంది. ఎత్తున ఉండి కూడా 30 దగ్గర ఎగుడుదిగుడుగా ఊగుతున్న ఉపగ్రహం ఉంటే, అది చెట్టు కొమ్మల గుండానో గోడ మీది నుంచో వస్తోందని అనుమానించండి. వాన వెలిసిన తర్వాత తడి ఆకుల కింద కొలవడం కూడా మంచిది కాదు. హద్దురాయి వేపచెట్టు మొదట్లోనే ఉంటే, చెట్టుకు దూరంగా బాహాటంలో రెండు బిందువులు కొలిచి, అక్కడి నుంచి రాయికి టేపుతో కొలవడం నేను సిఫారసు చేసే పద్ధతి. ముప్పై మీటర్ల లోపు దూరంలో మామూలు టేపు చెట్టు కింది రిసీవర్ కంటే ఎన్నో రెట్లు నమ్మదగినది. ఈ పని చేసేటప్పుడు కూడా త్రిభుజం సన్నబడకుండా, రాయి దగ్గర కోణం 60 నుంచి 120 డిగ్రీల మధ్య ఉండేలా ఆ రెండు బిందువులు ఎంచుకోండి.

మాస్క్ కోణం: రెంటి మధ్య తూకం

ఇంతవరకు చెప్పిన రెండు దారులూ ఒకదానికొకటి ఎదురుపడే చోటు మాస్క్ కోణం. ఆ కోణం కంటే కిందనున్న ఉపగ్రహాలను రిసీవర్ లెక్కలోకి తీసుకోదు. దిగంతం దగ్గరి ఉపగ్రహాలే ఎత్తును నిలబెడతాయని పైన చూశాం, కానీ గాలి పొరల దోషం, మల్టీపాత్ ఎక్కువగా ఉండేవి కూడా వాటి దూరాల్లోనే. మాస్క్ కోణం పెంచితే దూరపు దోషం తగ్గి డీఓపీ పెరుగుతుంది, తగ్గిస్తే అటుదిటు అవుతుంది.

బాహాటమైన చెలకలో, ఐదు వ్యవస్థల ఉపగ్రహాలు అందుతున్నప్పుడు 15 డిగ్రీలు పెట్టండి. ఉపగ్రహాలు పుష్కలంగా ఉన్నప్పుడు చెడ్డ దూరాలను భరించవలసిన అవసరం లేదు. జీపీఎస్ ఒక్కటే అందుకునే పాత యంత్రమైతే 10 డిగ్రీలు పెట్టడం మేలు, లేకపోతే వీడీఓపీ పెరిగిపోతుంది. ఎత్తు అక్కరలేక నేల మీది స్థానమే కావలసినప్పుడు, చుట్టూ ఇళ్లున్న చోట 20 డిగ్రీల దాకా పోవచ్చు, ఎందుకంటే నేను పైన చూపిన లెక్కలో కోణం పెరిగినప్పుడు హెచ్‌డీఓపీ నెమ్మదిగానే పెరిగింది. కాలువ వాలు, చెరువు అలుగు మట్టం వంటి ఎత్తుల పనికి మాత్రం ఆ కోణం పెట్టకండి. ఫోన్‌లో ఈ కోణం మార్చే వీలు సాధారణంగా ఉండదు, సర్వే రిసీవర్లలో ఉంటుంది.

కొలిచే తీరు

యంత్రం పెట్టిన వెంటనే అంకె రాసుకోకుండా ఆకాశపటం నిండేదాకా, డీఓపీ నిలకడ పడేదాకా ఐదు నిమిషాలు ఆగండి. తర్వాత కనీసం పది నిమిషాల కొలతలను సగటు చేయండి. ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది: సెకనుకొకటి చొప్పున పది నిమిషాల్లో 600 కొలతలు వస్తాయి కానీ అవి 600 వేర్వేరు సాక్ష్యాలు కావు. రిసీవర్ లోపలి గరగర మాత్రమే సగటుతో త్వరగా తగ్గుతుంది. మల్టీపాత్ నిమిషాల మీద, ఐనో ఆవరణపు దోషం గంటల మీద మెల్లగా మారేవి కాబట్టి అవి ఆ పది నిమిషాలూ ఒకే వైపు లాగుతూనే ఉంటాయి.

అందుకే రెండోసారి రావాలి. అయితే మర్నాడు అదే వేళకు వస్తే ఆ రాకకు ఫలితం తక్కువ. జీపీఎస్ ఉపగ్రహాలు రోజుకు నాలుగు నిమిషాలు ముందుగా అవే చోట్లకు తిరిగి వస్తాయి. అదే అమరిక, అదే గోడ, అదే ప్రతిఫలనం మళ్లీ ఎదురై నిన్నటి తప్పే నేడూ వస్తుంది, రెండూ కలిశాయని మనం పొరపాటున సంతోషిస్తాం. పొద్దున ఏడింటికి ఒకసారి కొలిస్తే, మూడు నాలుగు గంటల ఎడంతో మరోసారి కొలవండి.

విస్తీర్ణం కొలిచేటప్పుడు ఈ సలహాకు ఒక సవరణ ఉంది. ఎకరం చదరంగా ఉంటే భుజం దాదాపు 63.6 మీటర్లు. నాలుగు మూలల్లోనూ తూర్పు పడమరల్లో 2 మీటర్లు, ఉత్తర దక్షిణాల్లో 2 మీటర్లు చొప్పున ఒకదానితో ఒకటి సంబంధం లేని దోషాలుంటే, విస్తీర్ణంలో సుమారు 180 చదరపు మీటర్ల దోషం వస్తుంది. గుంట అంటే 33 అడుగుల చదరం, దాదాపు 101 చదరపు మీటర్లు. అంటే ఎకరానికి ఒకటిముప్పావు గుంటకు పైగా దోషం. అన్నదమ్ముల పంపకంలో ఇది చిన్న సంగతి కాదు. కానీ నాలుగు మూలలనూ ఒకే యంత్రంతో, అవే ఉపగ్రహాలతో, ఎక్కువ ఎడం లేకుండా కొలిస్తే ఐనో ఆవరణపు దోషం అన్ని మూలలనూ దాదాపు ఒకే వైపు జరుపుతుంది. చేను మొత్తం నక్షా మీద పక్కకు జరుగుతుంది, విస్తీర్ణం మాత్రం చాలా వరకు నిలబడుతుంది. కాబట్టి ఒక మూల నేడు, ఒక మూల రేపు కొలవకండి. మొత్తం చుట్టు ఒక దఫాలో తిరిగి, కొన్ని గంటల తర్వాత మళ్లీ మొత్తం చుట్టు తిరగండి. అలా చేసినా ఫోన్ కొలతతో హద్దు తగవు తీర్చడానికి పూనుకోకండి. టిపన్ (సర్వే నంబరు కొలతల పటం) చేతపట్టుకొని సర్వేయర్ తేల్చవలసిన పని అది.

ఎత్తు రాసుకునేటప్పుడు వీడీఓపీతో పాటు ఇంకొకటి చూడాలి. రిసీవర్ మొదట లెక్కించేది దీర్ఘవృత్తజం, అంటే లెక్క కోసం భూమికి బదులు వాడే నున్నటి ఆకారం, మీది ఎత్తు, సముద్రమట్టం నుంచి ఎత్తు కాదు. మన ప్రాంతంలో ఈ రెంటికీ 70 మీటర్లకు పైగా తేడా ఉంది, దీర్ఘవృత్తజపు ఎత్తే తక్కువగా కనిపిస్తుంది. ఏ యంత్రం ఏది చూపుతోందో తెలియకుండా రెండు యంత్రాల ఎత్తులు పోల్చడం వల్ల వచ్చే తప్పు అమరికదీ కాదు, దూరానిదీ కాదు, కేవలం మన అజాగ్రత్తది.

సవరణలు వాడేటప్పుడు

ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ, ఇస్రో కలిసి నడిపే గగన్ సంకేతం ఉచితం. ఉపగ్రహాల స్థానం, గడియారం, ఐనో ఆవరణం ఈ మూడింటి దోషాలకు అది సవరణలు పంపుతుంది. గగన్ సంకేతాన్ని మోసే జీశాట్-10, నల్లగొండ నుంచి చూస్తే దక్షిణం వైపు దాదాపు 70 డిగ్రీల ఎత్తున, కదలకుండా ఉంటుంది కాబట్టి అడవిలో తప్ప అందకపోవడం అరుదు. మీ రిసీవర్ సెట్టింగుల్లో ఎస్‌బీఏఎస్ (గగన్ లాంటి సవరణ వ్యవస్థల ఉమ్మడి పేరు) అని ఉంటే దాన్ని ఆన్ చేయండి.

సెంటీమీటర్ల పని కావాలంటే ఆర్‌టీకే పద్ధతి ఉంది. ఇందులో స్థానం తెలిసిన ఒక చోట బేస్ రిసీవర్ పెడతారు, లేదా సర్వే ఆఫ్ ఇండియా దేశమంతటా నెలకొల్పిన కార్స్ కేంద్రాల (నిరంతరం నడిచే స్థిర రిసీవర్ల) సవరణలు ఇంటర్నెట్ ద్వారా తీసుకుంటారు. రెండు చోట్లకూ ఉమ్మడిగా ఉన్న దోషాలు తీసివేతలో పోతాయి. బేస్ దూరమైన కొద్దీ ఉమ్మడితనం తగ్గుతుంది, సాధారణంగా ప్రతి 10 కిలోమీటర్లకు ఒక సెంటీమీటరు చొప్పున దోషం చేరుతుందని లెక్కవేస్తారు. మధ్యాహ్నపు ఐనో ఆవరణం కింద ఇది ఇంకా పెరుగుతుంది. ఈ పద్ధతి దూరాన్ని సంకేతపు తరంగాలు లెక్కపెట్టి కొలుస్తుంది, ఒక్కో తరంగం పొడవు ఎల్1లో దాదాపు 19 సెంటీమీటర్లు. యంత్రం ఆ తరంగాల సంఖ్యను సరిగ్గా తేల్చుకున్నప్పుడు ఫిక్స్ అని, తేల్చుకోలేనప్పుడు ఫ్లోట్ అని చూపుతుంది. ఫ్లోట్‌లో ఉండగా బిందువు తీసుకోకండి. మల్టీపాత్ ఎక్కువగా ఉండి అమరిక బలహీనంగా ఉన్న చోట ఫిక్స్ కూడా తప్పుగా పడవచ్చు. దాన్ని పట్టుకోవడానికి ఒక బిందువు తీసుకున్న తర్వాత యాంటెన్నాను తలకిందులు చేసి సంకేతం తెంచి, మళ్లీ నిలబెట్టి, కొత్త ఫిక్స్‌తో అదే బిందువును కొలవండి. రెండూ రెండు మూడు సెంటీమీటర్లలో కలవాలి.

పుస్తకంలో ప్రతి బిందువు పక్కన సమయం, హెచ్‌డీఓపీ, వీడీఓపీ, మాస్క్ కోణం, ఏయే వ్యవస్థలు వాడారు, ఏ దిక్కున ఎన్ని పిడికిళ్ల ఎత్తు అడ్డం ఉంది అన్నవి రాయండి. రెండు దఫాల కొలతలు చేతికొచ్చాక, మీరు అనుకున్న దూరపు దోషాన్ని ఆయా వేళల హెచ్‌డీఓపీతో గుణించి చూడండి. ఒక్కో దఫాకు 1.5 మీటర్లు వస్తే, రెంటి మధ్య ఎడం 2 మీటర్ల దగ్గర ఉండడం సహజం, 4 మీటర్ల దాకా సరిపెట్టుకోవచ్చు. అంతకు మించితే డీఓపీకి తెలియని దోషం ఏదో ఆ చోట ఉన్నట్టే. అప్పుడు సగటు తీయకుండా, పుస్తకంలో రాసుకున్న అడ్డాల్లో ఏది దక్షిణానో, ఏది లోహపుదో, ఏది నీటిదో చూసి, దానికి ఇరవై ముప్పై మీటర్లు దూరంగా బిందువు పెట్టుకొని మూడోసారి కొలిచి, అక్కడి నుంచి టేపు పట్టండి.